నవ్వు పల్లమెరుగు

నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అన్నారు పెద్దలు. నీటి సంగతి చెప్పారు, నిజం సంగతి చెప్పారు. నవ్వు సంగతి మాత్రం చెప్పకుండా మా తరానికి వదిలిపెట్టారు. ఆ బాధ్యతను వినయపూర్వకంగా స్వీకరించి, రెండు సంవత్సరాల ఇంటర్మీడియట్ జీవితంలో నేను గమనించినదాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాను. నవ్వు కూడా పల్లమే ఎరుగును. తనకంటె ఎత్తున ఉన్నవారి మీదికి అది ఎగబాకదు. మెట్టు దిగువన ఎవడైనా అమాయకుడు నిలబడి ఉంటే మాత్రం వాడి నెత్తిమీద ధారాపాతంగా కురుస్తుంది. ఆధునిక సంస్కృతి మీద నాకున్న ఫిర్యాదులన్నింటిలోకీ ఇదే పెద్దది.

నేటి యువతకు హాస్యప్రియత్వం లేదని కొందరు పెద్దలు నిట్టూరుస్తుంటారు. ఇది శుద్ధ అపవాదు. మేము నవ్వినన్ని సార్లు ఏ తరమూ నవ్వి ఉండదు. నిద్ర లేచి పళ్ళు తోముకోకముందే సెల్‌ఫోను తెరిచి నాలుగు నవ్వులు నవ్వుతాము. బస్సులో నిలబడి నవ్వుతాము. భోజనశాలలో ముద్ద నోట పెట్టుకుని నవ్వుతాము. వసతిగృహంలో దీపాలు ఆర్పిన తర్వాత దుప్పటి ముసుగులో శబ్దం రాకుండా నవ్వుతాము. పూర్వం ఒక హాస్యోక్తి పుట్టి, పదిమంది నోళ్ళలో నాని, పొరుగూరు చేరాలంటే ఏ తిరునాళ్ళో రావలసి ఉండేది. ఇప్పుడు నెల్లూరులో పుట్టిన మీమ్ నిమిషం తిరగకుండా న్యూజెర్సీలోని తెలుగు పిల్లవాణ్ణి నవ్విస్తున్నది. కాబట్టి నవ్వుకు కరువు రాలేదు. ఎవరిని చూసి నవ్వాలనే విచక్షణకు వచ్చింది కరువు.

మన పూర్వులు నవ్వును ఎంత శ్రద్ధగా పరిశీలించారో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. భరతముని నాట్యశాస్త్రంలో హాస్యరసాన్ని వివరిస్తూ నవ్వును ఆరు విధాలుగా విభజించాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, నడిమి రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి అని తరగతులు కూడా నిర్ణయించాడు. పలువరుస కనబడకుండా చెక్కిళ్ళు కొద్దిగా వికసిస్తే అది స్మితం. తగని చోట నవ్వడం, కళ్ళ వెంట నీళ్ళు రావడం, భుజాలూ తలా అదిరిపోవడం అపహసితానికి లక్షణాలు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వారు ఆ ఏటి మేటి పదంగా ఒక మాటను ఎన్నుకోవడానికి బదులు ఒక బొమ్మను ఎన్నుకున్నారు. కన్నీళ్ళు కారేటట్లు నవ్వుతున్న పసుపుపచ్చని ముఖం అది. తాము పట్టం కట్టింది సాక్షాత్తు అపహసితానికేనని వారికి తెలిసి ఉండదు. ఆ ముఖానికి భరతుడు చెప్పిన కన్నీళ్ళు ఉన్నాయి. 'తగని చోట' అనే లక్షణాన్ని మేము సమకూరుస్తున్నాము. విచిత్రమేమంటే, ఆ ముఖాన్ని వరుసగా ఐదుసార్లు నొక్కి పంపేవాడి సొంత ముఖంలో స్మితం కూడా కనబడదు.

ఎగతాళికీ వ్యంగ్యానికీ భేదమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఎదుటివారి లోపాన్ని ఎత్తిచూపి నవ్వించడమే రెండింటి వృత్తీ కదా! నిజమే. కాని ఆ లోపం ఎటువంటిదో చూడాలి. నత్తి, నలుపు, లావు, యాస, పేదరికం - వీటిని ఏ మనిషీ కోరి తెచ్చుకోలేదు. వీటిని చూసి నవ్వితే అది ఎగతాళి. లోభం, డాంబికం, మోసం, అధికారమదం - వీటిని మనిషి ఇష్టపడి పెంచుకున్నాడు; కావాలంటే వదులుకోగలడు. వీటిని చూసి నవ్వితే అది వ్యంగ్యం. ఎగతాళి పాలైనవాడు చేయగలిగింది కుమిలిపోవడమొక్కటే. వ్యంగ్యం తగిలినవాడికి మారే అవకాశం ఉన్నది. మారకపోయినా, వాడి వేషం ఏమిటో నలుగురికీ తెలుస్తుంది.

ఈ భేదం నేను కల్పించింది కాదు. తెలుగులో గొప్ప హాస్యరచనలన్నీ దీన్ని పాటించాయి. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో సమూలంగా మారి రెండవ కూర్పుగా వెలువడింది. మనమంతా గిరీశం మాటలను తలచుకుని నవ్వుతాము గాని, మొదటి కూర్పుకు ఆయన ఆంగ్లంలో రాసిన పీఠికను చదివితే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. విశాఖపట్నం జిల్లాలో మూడు సంవత్సరాలలో లెక్కకు వచ్చిన శుల్కవివాహాలు 1034. ఆ పెళ్ళికూతుళ్ళలో 99 మంది వయస్సు ఐదేళ్ళు. ముగ్గురి వయస్సు ఒక్క ఏడాది. ఆ పసికందుల వెల 350 నుండి 400 రూపాయలు. ఇటువంటి లెక్కను ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి ఏడవాలి. గురజాడ వారు నవ్వించారు. ఏడిస్తే జనం కాసేపు జాలిపడి ఇంటికి పోతారని, నవ్విస్తే ఆ నవ్వును వెంట తీసుకుపోతారని వారికి తెలుసు.

ఆ నాటకంలో నవ్వు ఎటు పారుతుందో గమనించండి. కాటికి కాళ్ళు చాచుకుని పసిపిల్లను కొనజూసే లుబ్ధావధాన్ల మీదికి పారుతుంది. కూతురిని అమ్మజూపే అగ్నిహోత్రావధాన్ల మీదికి పారుతుంది. సంస్కరణల పేరు చెప్పి పబ్బం గడుపుకునే గిరీశం మీదికి పారుతుంది. అమ్ముడుపోబోయే చిన్నారి సుబ్బి మీద ఒక్క హాస్యపు తునక కూడా పడదు. బాల్యంలోనే వైధవ్యం పొందిన బుచ్చమ్మ అమాయకత్వం చూసి చిరునవ్వు వస్తుందేమో గాని ఆమె దుఃఖాన్ని చూసి నవ్వు రాదు. ఇక సంఘం అట్టడుగు మెట్టు మీద నిలబెట్టిన వేశ్య మధురవాణి ఉన్నది. ఆమెను చూసి ఎవరూ నవ్వరు. ఆమే అందరినీ చూసి నవ్వుతుంది. నాటకంలోకెల్లా పదునైన నాలుకను రచయిత ఆమె చేతికి ఆయుధంగా ఇచ్చాడు. పల్లంలో ఉన్న మనిషి చేత మిట్టనున్నవారిని చూపించి నవ్వించాడు.

గిరీశం చనిపోయాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయన ఇప్పుడు సెల్‌ఫోనులో కాపురం ఉంటున్నాడు. ఆనాడు ఒక్క వెంకటేశానికి చదువు చెబుతానని చెప్పి చుట్టలు కాల్చడం నేర్పాడు. ఈనాడు ఆయనకు వెంకటేశాలు లక్షల్లో ఉన్నారు. ఉదయం ధ్యానం గురించి, మధ్యాహ్నం షేర్ల వ్యాపారం గురించి, సాయంత్రం భారతీయ సంస్కృతి గురించి, రాత్రి బట్టతల మీద జుట్టు మొలిపించే తైలం గురించి ఉపన్యసిస్తున్నాడు. ప్రతి ఉపన్యాసం చివర "నచ్చితే నలుగురికీ పంపండి" అని ప్రార్థిస్తున్నాడు. పూటకూళ్ళమ్మకు ఇవ్వవలసిన బాకీ మాత్రం ఇంకా తీర్చలేదు. ఈయన మీద ఎన్ని మీములు రావాలి! వచ్చేవి బహు స్వల్పం. కారణం, మాలో చాలామందికి పెద్దయ్యాక గిరీశం కావాలనే కోరిక ఉన్నది.

కన్యాశుల్కం పోయి వరశుల్కం వచ్చినప్పుడు కూడా తెలుగు వ్యంగ్యం తన దిశ మార్చుకోలేదు. కాళ్ళకూరి నారాయణరావు గారి 'వరవిక్రయం' నాటకంలో వరుడి తండ్రి సింగరాజు లింగరాజు. కొడుకును సంతలో పశువులా బేరం పెట్టిన ఆ లోభిని చూసి ప్రేక్షకులు పొట్టలు చెక్కలయ్యేటట్లు నవ్వారు. కట్నం ఇచ్చుకోవడానికి ఆస్తి అమ్మజూపిన తండ్రి అవస్థను చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల అంతకంటె గట్టిది. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవారి ఇంటికే రావాలి కాబట్టి వరుడే తమ ఇంటికి రావాలని వాదించి మామగారి నోరు మూయిస్తుంది. ఈ నాటకం 1939లో చలనచిత్రంగా కూడా వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. కట్నం పోయిందా అంటే పోలేదు. "లాంఛనం" అని పేరు మార్చుకుని కారులో తిరుగుతున్నది. అయితే వ్యంగ్యం ఓడిపోయినట్లేనా? నేనలా అనుకోను. కట్నం తీసుకునేవాడు ఇవాళ ఆ మాటను పైకి అనడానికి జంకుతున్నాడు. దోషానికి సిగ్గు నేర్పడం కూడా చిన్న విజయమేమీ కాదు.

వ్యంగ్యం ప్రయోగించేవాడికి మరొక అర్హత ఉండాలి. తన మీద తాను నవ్వుకోగలగాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' 1924లో వెలువడింది. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన కుర్రవాడి పాట్లు అందులోని కథ. రైలు కొత్త, ఓడ కొత్త, బూట్లు కొత్త, భోజనం కొత్త. పల్లెటూరివాణ్ణి చూసి పట్నంవారు నవ్వే కథగా దీన్ని రాయడం చాలా సులభం. అలా రాసి ఉంటే ఈపాటికి మరుగున పడేది. రచయిత ఆ కథను పార్వతీశం నోటనే చెప్పించాడు. తన అజ్ఞానాన్ని తానే సరదాగా చెప్పుకునే మనిషిని చూసి మనం నవ్వుతుంటే, ఆ నవ్వు వెనుక "మొదటిసారి నేను కూడా ఇంతే కదా" అన్న ఆత్మీయత ఉంటుంది. ఇంటి నుంచి తొలిసారి వసతిగృహానికి వచ్చిన ప్రతి విద్యార్థీ ఒక చిన్న పార్వతీశమే. మొగల్తూరు నుంచి లండనుకు ఎంత దూరమో, కొందరికి సొంత ఊరి నుంచి జూనియర్ కళాశాలకు అంత దూరం.

నవ్వును పైకి ఎక్కించే విద్య పండితులకే తెలుసుననుకోనక్కరలేదు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు ఉన్నాయి. రామాయణం గంభీరంగా నడుస్తుండగా వీరు మధ్యలో దూరి పోట్లాడుకుంటారు, ఊరి ముచ్చట్లు మాట్లాడతారు. రాజులూ రాక్షసులూ వేదిక మీద ఉన్నా వారికి లెక్క లేదు. రాజకీయాల్లో ఇదే పని కార్టూన్లు చేశాయి. ప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు శంకర్ 1948లో 'శంకర్స్ వీక్లీ' స్థాపించినప్పుడు దాన్ని ఆవిష్కరించినవారు ప్రధాని నెహ్రూ. తనను కూడా విడిచిపెట్టవద్దని ఆయన శంకర్‌ను కోరారు. శంకర్ ఆ కోరికను చక్కగా మన్నించి ఆయనను లెక్కలేనన్ని సార్లు గీశారు. దేశంలో అత్యవసర పరిస్థితి విధించిన 1975లో ఆ పత్రిక ఆగిపోయింది. నవ్వు పైకి ఎక్కడానికి గీసేవాడి ధైర్యంతో పాటు పైనున్నవాడి ఓర్పు కూడా అవసరమని ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది.

ఇంత గొప్ప వారసత్వం ఉండి కూడా మన సినిమాలు చాలాకాలం పల్లపు దారినే పట్టాయి. కథానాయకుడు ఏ ఊరివాడైనా పుస్తకాల భాష మాట్లాడేవాడు. అతని ఇంటి నౌకరుకో, వీధి రౌడీకో, బఫూనుకో మాత్రం తెలంగాణ మాటో, శ్రీకాకుళం మాటో పెట్టేవారు. హాస్యానికి సంభాషణ రాసే శ్రమ తప్పింది. యాస పెడితే చాలు, జనం నవ్వుతారు. కోట్లాదిమంది తమ తల్లి దగ్గర నేర్చుకున్న పలుకును చూసి తామే చప్పట్లు కొట్టవలసి వచ్చింది. ఈ మధ్య గాలి కొంత మళ్ళింది. 2016లో 'పెళ్ళిచూపులు', 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' వచ్చాయి. 'ఫిదా' కథానాయిక బాన్సువాడ పిల్ల. తన మాటతోనే ప్రేమించింది, తన మాటతోనే కోప్పడింది. 'బలగం' తీసిన వేణు ఎల్దండి అంతకుముందు హాస్యనటుడిగా పేరు పొందినవాడు. ఒకప్పుడు నవ్వు తెప్పించడానికి వాడుకున్న భాషలోనే ఆయన ప్రేక్షకులను వెక్కి వెక్కి ఏడిపించాడు. భాషలో లోపం లేదని, ఇన్నాళ్ళూ దానికి ఇచ్చిన పాత్రలోనే లోపమున్నదని దీనివల్ల రుజువైంది.

సినిమా మారినంత వేగంగా తరగతి గది మారలేదు. వసతిగృహంలో నా గదిలో ఉండేవాడు శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు. భౌతికశాస్త్రంలో మా అందరికంటె దిట్ట. మొదటి సంవత్సరంలో ఒకరోజు అధ్యాపకులు ఏదో అడిగినప్పుడు వాడు లేచి, "ఏటండీ? మళ్ళీ చెప్పండి" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. సాయంత్రానికల్లా నోరు తెరిచి నిలబడిన వాడి ఫోటో కింద "ఏటి?" అని రాసిన స్టిక్కరు మా వాట్సాప్ బృందంలో ప్రత్యక్షమైంది. పరీక్ష వాయిదా పడితే అదే స్టిక్కరు. సాంబారులో ఉప్పు తక్కువైతే అదే స్టిక్కరు. వాడి అసలు పేరు హాజరుపట్టీలో మాత్రమే మిగిలింది. వాడు కోపగించలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. తరగతిలో సందేహాలు అడగడం మానేశాడు. సందేహం వస్తే రాత్రి గదిలో నన్ను అడిగేవాడు. వాడికి తెలియనిది నాకు తెలిసే అవకాశం లేదు గనుక ఇద్దరం కలిసి అజ్ఞానంలో నిద్రపోయేవాళ్ళం.

ఆ సంవత్సరం ఆగస్టు 29న మా కళాశాలలో తెలుగు భాషా దినోత్సవం ఘనంగా జరిగింది. ఆ రోజు గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, ప్రజలు మాట్లాడే భాషే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన మహానుభావుడు ఆయన. మేము ఆయన చిత్రపటానికి పూలమాల వేశాము. వాడుకభాష గొప్పదనం గురించి ఒక వక్త గ్రాంథికంలో ఉపన్యసించాడు. ఉత్తరాంధ్ర వాడుక మాటలతో నిండిన 'కన్యాశుల్కం' ప్రపంచసాహిత్యంలో నిలువదగినదని మరొకరు సెలవిచ్చారు. మేము కరతాళధ్వనులు చేశాము. సభ ముగిసి అరగంట కాకముందే బృందంలో స్టిక్కరు మళ్ళీ వచ్చింది. చనిపోయిన ఉత్తరాంధ్రవారికి పూలమాల, బతికి ఉన్న ఉత్తరాంధ్రవాడికి స్టిక్కరు. గురజాడ వారు ఉంటే ఇంతకంటె మంచి అంకం రాయడానికి వస్తువు వెతుక్కోనక్కరలేదు.

నవ్వదగిన విషయాలు కరువై మేము ఇలా చేశామా అంటే, అదీ లేదు. వసతిగృహం కిటికీ తెరిస్తే కావలసినన్ని. ఎదుటి కూడలిలో ఒక నాయకుడి జన్మదిన ఫ్లెక్సీ ఉన్నది. నాయకుడు నిలువెత్తు పులి పక్కన నిలువెత్తున ఉన్నాడు. కింద శుభాకాంక్షలు తెలిపే వారి తలలు పొత్తులోని మొక్కజొన్న గింజల్లా వరుసలు తీరి ఉన్నాయి. వీధి చివర కల్యాణమండపంలో పెళ్ళి జరుగుతున్నది. పెళ్ళికి ముందే కొండల్లోనూ కోనల్లోనూ తీసిన పాటల సినిమా అక్కడ తెర మీద ఆడుతుంటే, అసలు పెళ్ళిని చూసే తీరిక బంధువులకు లేదు. వధూవరులకు కూడా లేదు. పురోహితుడు తాళి కట్టమంటే, ఫోటోలు తీసేవాడు ఒక్క క్షణం ఆగమంటాడు. ముహూర్తం ఎవరి మాట వింటుందో వేరే చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె దగ్గరగా, మా తలల మీదనే మరొక వింత ఉన్నది. ఫలితాల కాలంలో టీవీ పెట్టండి. "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ఊపిరి తిప్పుకోకుండా ఒక కంఠం అరుస్తుంటుంది. చిన్నప్పుడు ఎక్కాలు నేర్పేవారికి కూడా అంత ఆవేశం ఉండదు. తెర మీద పాస్‌పోర్టు ఫోటోలు ఝళిపించినట్లు మెరుస్తాయి. ఒకే పరీక్షలో ఇన్ని మొదటి ర్యాంకులు ఎలా వచ్చాయని గణితం చదివేవాడు కూడా అడగడు. మా నిద్రలేచే వేళనూ, ఆదివారాలనూ, ఆటస్థలాన్నీ మింగేసిన ఈ ర్యాంకుల గోల మీద మా బృందంలో ఒక్క స్టిక్కరు కూడా లేదు. పల్లంలో ఉన్నవాడి మీద నవ్వడానికి తెలివి అక్కరలేదు, భయం లేదు, ఖర్చు లేదు. మిట్ట మీద ఉన్నవారి మీద నవ్వాలంటే ముందు విషయం తెలియాలి, తర్వాత మాట పదును పెట్టాలి, ఆ పైన పర్యవసానానికి సిద్ధపడాలి. అందుకే మా నవ్వు సులభమైన దారి వెతుక్కున్నది.

రెండవ సంవత్సరం వార్షికోత్సవంలో ఒక చిన్న ప్రహసనం వేయవలసి వచ్చింది. ఎవరూ ఊహించని విధంగా నా గదిలోని మిత్రుడు పేరిచ్చాడు. వేదిక మీదికి వచ్చి, చేతిలో గరిటెను మైకులా పట్టుకుని, ర్యాంకుల ప్రకటన చదివేవాడిగా అభినయించాడు. "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు..." అంటూ కంఠం పెంచుకుంటూ పోయి, చప్పున ఆగి, గరిటె దించి, సభలోని వారిని ఒక్కసారి కలయజూశాడు. తన మాటలో నింపాదిగా, "మరి మిగతా మేమందరం ఏటైపోనామండీ?" అని అడిగాడు. ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత వచ్చిన నవ్వుకు షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది. వెనుక వరుసల్లోని తల్లిదండ్రులు నవ్వారు, అధ్యాపకులు నవ్వారు, ముందు వరుసలోని పెద్దలు కూడా కాసేపు సందేహించి నవ్వారు. అదే "ఏటి". తరగతిలో దాన్ని చూసి మేము నవ్వాము. సభలో దానితో వాడు నవ్వించాడు. ఆ ఒక్క రోజుతో లోకం మారిపోలేదు. స్టిక్కరు ఇంకా అప్పుడప్పుడు తల ఎత్తుతూనే ఉన్నది. కాని మరునాడు తరగతిలో వాడు లేచి సందేహం అడిగాడు. అధ్యాపకులు చెప్పిన జవాబు విన్నాక, ఆ సందేహం మాలో చాలామందిదేనని తెలిసింది.

ఇంత చిన్న సరదాకు ఇంత చర్చ ఎందుకని కొందరు నన్ను విసుక్కోవచ్చు. సరదా అనే మాట చాలా దూరం పోగలదు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగ్ నిషేధ చట్టం చేసినప్పుడు, కొట్టడం, బంధించడం వంటి ఘోరాలతో పాటు తోటి విద్యార్థిని ఏడిపించడం, అవమానించడం కూడా నేరమని, దానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చునని చెప్పింది. సరదా పేరు చెప్పి తప్పించుకునేవారు ఉంటారని శాసనకర్తలకు తెలుసు. అలాగని ప్రతి పరిహాసానికీ పోలీసును పిలవాలని నేను అనను. ఇతరులకు చిరాకు కలిగించే సందేశం పంపినా శిక్షార్హమన్న సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షను ఎంత అస్పష్టంగా ఉన్నదో చూసి, 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. పెద్దలకు చిరాకు కలిగించకుండా వ్యంగ్యం రాయడం గురజాడ వారికి కూడా సాధ్యం కాదు. చట్టం చేతికి కత్తెర ఇస్తే అది ముందుగా కత్తిరించేది పైకి పారే నవ్వునే. కాబట్టి ఈ విచక్షణ చట్టానికి వదిలేది కాదు. నొక్కబోయే వేలికి ఉండవలసింది.

ఆ వేలికి నేను నేర్పదలచిన ప్రశ్న చాలా చిన్నది: ఈ నవ్వు ఎటు పారుతున్నది? సమాధానం పల్లం వైపు అని వస్తే, ఆ నవ్వును మింగివేయడం వల్ల ఆరోగ్యానికి ఏ హానీ లేదు. మిట్ట వైపు అని వస్తే, మరొకసారి ఆలోచించి, మాట మరికొంచెం నూరి, ధైర్యంగా వదలవచ్చు. తన వైపే అని వస్తే, అంతకంటె శ్రేష్ఠమైన నవ్వు లేదు.

నీరు పల్లమెరుగును అన్న సామెత అబద్ధం కాదు. అయినా రైతు ఆ సామెత విని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఏతం వేసి తోడాడు, మోట కట్టి లాగాడు. 2015లో పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని యంత్రాలతో ఎత్తి కృష్ణా డెల్టా వైపు మళ్ళించారు. మిట్టనున్న చేను పండాలంటే నీటిని ఎవరో ఒకరు శ్రమపడి పైకి ఎత్తక తప్పదు. వ్యంగ్యం నవ్వుకు ఎత్తిపోతల పథకం వంటిది. దానికి చదువనే విద్యుత్తు కావాలి, ధైర్యమనే మోటారు కావాలి. ఈ రెండూ లేనివాడి చేతిలో నవ్వు ఎప్పుడూ ఉన్నచోటి నుంచి కిందికే జారుతుంది. మా తరం చేతిలో సెల్‌ఫోను ఉన్నది, కావలసినంత నవ్వు ఉన్నది, అంతకంటె ఎక్కువ తీరిక ఉన్నదని పెద్దల అభియోగం. ఇన్ని ఉన్నవాళ్ళం, కొంచెం ఎత్తి పోయలేమా?